ఒంటి టిక్కు

తలుపు తాళం తీసేసరికి వంటింట్లో లైటు వెలుగుతోంది.

పదకొండు రోజులుగా వెలుగుతూనే ఉంది. ఆ సంగతి తర్వాత తేలింది.

జనవరి నెలాఖరు శనివారం. సాయంత్రం ఏడూ పది. యోయెన్సూ ఊళ్లో మైనస్ ఇరవై మూడు. ఇన్‌స్పెక్టర్ పైవి కోర్పి బూట్లకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని లోపలికి నడిచింది.

డెబ్బై ఒక్కేళ్ల ఇర్యా వంటింటి నేలమీద పడి ఉంది. కుర్చీ పక్కకు ఒరిగి ఉంది. బల్లమీద కాఫీ కప్పు. సగం తిన్న పులియబెట్టిన రై రొట్టె. పెనుగులాట లేదు. తాళం పగలలేదు. ఏదీ పోలేదు.

ఫోన్ కిటికీ గట్టుమీద ఉంది. ఛార్జి అయిపోయింది.

కబురు చెప్పింది పక్క ఫ్లాట్ హిల్కా. వసారాలో నిలబడి ఉంది. తడి జుట్టు, బాత్‌రోబ్, ఊలు సాక్సులు.

"శనివారం ఐదు నుంచి ఆరు, కింద నేలమాళిగలో సౌనా, ఆవిరిస్నానానికి మా ఇద్దరి వంతు" అంది హిల్కా. "పందొమ్మిదేళ్లుగా అంతే. పోయినవారం రాలేదు. జలుబేమో అనుకున్నా. ఇవాళా రాలేదు. ఇర్యా ఒక వారం మానుతుంది గానీ రెండు వారాలు మానదు ఇన్‌స్పెక్టరమ్మా."

"పోయినవారం తలుపు తట్టలేదా?"

"లైటు వెలుగుతోందిగా. ఇంట్లో ఉన్న మనిషిని ఊరికే ఎందుకు ఇబ్బంది పెట్టడం?"

పైవి నోట్‌బుక్‌లో రాసుకుంది. తనైనా తట్టేది కాదు.

ఇల్లంతా ఒకసారి చూసింది. వసారా అరలో ఊలు చేతితొడుగులు. వాటి పక్కన బ్యాటరీల ప్యాకెట్. లావుపాటి రకం. నాలుగింటిలో రెండు లేవు. హుక్కుకి వేలాడుతున్న చలికోటు జేబులో చిన్న స్క్రూడ్రైవర్.

పైవి టార్చి కోసం వెతికింది. లేదు. రేడియో గోడ ప్లగ్గుతో నడిచేది. గోడ గడియారానికి సన్న బ్యాటరీ.

లావు బ్యాటరీ పట్టే వస్తువు ఆ ఇంట్లో ఒక్కటీ లేదు.

ఫొటో తీసుకుంది. లైటు ఆర్పేసింది.

డాక్టరు సోమవారం పొద్దున్న ఫోన్ చేశాడు. మెదడులో రక్తనాళం చిట్లింది. పోయింది పదమూడు రోజుల క్రితం, మంగళవారం. నిమిషాల్లో అయిపోయి ఉంటుంది. ఎవరైనా పక్కనున్నా చేసేదేమీ లేదు.

నేరం కాదు. కేసు మూసేయొచ్చు.

అదే రోజు పదకొండింటికి రాయిలి స్టేషన్‌కి వచ్చింది. ఇర్యాకి అక్క. డెబ్బై నాలుగు. పొట్టి మనిషి. బొచ్చు టోపీ తీయకుండానే కూర్చుంది. స్వెటరు అల్లినట్టు అల్లిన సంచీలోంచి ఫోన్ తీసి బల్లమీద పెట్టింది.

"అది ఎలా పోయిందో డాక్టరు చెప్పాడమ్మాయ్. నాక్కావలసింది అది కాదు."

"మరేమిటి రాయిలి గారూ?"

"నన్ను బ్లాక్ చేసి పోయిందా, లేదా? అదొక్కటీ చెప్పు."

పైవి పెన్ను కింద పెట్టింది. "ఇది పోలీసుల పని కాదండీ."

"మరెవరి పని? పాస్టర్‌ని అడిగాను. ప్రార్థన చేద్దాం అన్నాడు. ప్రార్థన చేస్తే ఫోన్లో ఏం కనపడుతుంది?"

పైవికి నవ్వు రావలసింది. రాలేదు.

"మీకెందుకు అనిపించింది, బ్లాక్ చేసిందని?"

"లైబ్రరీలో బుధవారాలు ముసలాళ్లకి ఫోన్ నేర్పుతారు. అక్కడ చూపించాను. రెండు గుర్తులట. మనిషి ఫొటో మాయమైపోతుంది. మెసేజ్ పెడితే ఒంటి టిక్కే పడుతుంది, రెండోది రాదు. చూడు. రెండూ ఉన్నాయి."

పైవి చూసింది. ఇర్యా పేరు పక్కన ఫొటో లేదు. బూడిదరంగు మనిషి ఆకారం. కింద రాయిలి పంపిన చివరి మూడు మెసేజ్‌లు. మూడింటికీ ఒంటి టిక్కు.

"గొడవ పడ్డారా?"

"దీపం గురించి."

"ఏ దీపం?"

"అమ్మ సమాధి మీద. నవంబరులో, ఆత్మల పండగ రోజు. నేను బ్యాటరీ దీపం కొన్నాను. గాలికి ఆరదు, మంచుకి ఆరదు. అక్కడే మొదలెట్టింది. 'అమ్మకి బొమ్మ దీపమా? రేపు నాకేం పెడతావ్, ప్లాస్టిక్ శవపేటికా?' అంది. పక్క సమాధివాళ్లు వింటున్నారు. నేనూ ఊరుకోలేదు. వారంరోజులు ఫోన్లో తిట్టుకున్నాం. తర్వాత ఇదిగో, ఇది."

"మామూలుగా ఫోన్ చేసి అడగలేదా?"

రాయిలి ఆమెవైపు వింతగా చూసింది. "మొహం మీద తలుపేసినదాన్ని కిటికీలోంచి పిలవమంటావా?"

"ఇంటికి?"

"రెండుసార్లు బస్సులో ఆ దారినే పోయాను. వంటింట్లో లైటు వెలుగుతోంది. బాగానే ఉందిలే అనుకున్నా." ఆమె ఆగింది. "రెండోసారి పోయినప్పటికి అది నేలమీదే ఉంది. డాక్టరు చెప్పిన రోజుల్ని బట్టి చూస్తే."

రాయిలి బల్లమీది ఫోన్ తనవైపు జరుపుకుంది.

"అంత్యక్రియలు ఇంకో మూడు వారాల్లో" అంది రాయిలి. "శవపేటిక ముందు పూలు పెట్టి, కార్డు మీద రాసిన రెండు మాటలు అందరిముందూ పైకి చదవాలి. అక్కని కదా, నేనే మొదట. నన్ను వద్దనుకుని పోయినదానికి ఏం చదవను? నన్ను కావాలనుకుని పోతే ఒక మాట. లేకపోతే ఇంకో మాట. ఏదో ఒకటి తెలియాలి కదా."

ఏడవలేదు. మార్కెట్లో చేపల ధర అడిగినట్టు అడిగింది.

పైవి ఫైలు మూయలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఇర్యా కొడుకు వేసా వచ్చాడు. నలభై ఆరేళ్లు. ఎండకి కందిన మొహం, పొట్టు లేస్తున్న ముక్కు. కానరీ దీవుల్లో రెండు వారాలు సెలవు గడిపి నిన్ననే దిగాడు.

"ప్రతి శనివారం వచ్చేవాణ్ణి" అన్నాడు. "అమ్మ సౌనాకి వెళ్లివచ్చేలోపు కాఫీ పెట్టి ఉంచేవాణ్ణి. వెళ్లకపోయింది ఈ రెండు శనివారాలే."

"అక్కణ్ణుంచి ఫోన్ చేయలేదా?"

"మెసేజ్‌లు పెట్టాను. ఒంటి టిక్కే పడింది. అమ్మ నన్ను బ్లాక్ చేసిందేమో అనుకున్నా."

"మీ పెద్దమ్మని కూడా చేసిందట."

"అవును" అన్నాడు. "కోపిష్టి మనిషి కదా."

ఫోన్ తెరవడానికి నంబరు చెప్పాడు. అమ్మ పుట్టిన సంవత్సరమే.

పైవి ఫోన్ ఛార్జికి పెట్టింది. స్క్రీన్ వెలిగింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లింది. బ్లాక్ చేసిన వాళ్లు ఒకరే. రాయిలి.

ఒక నిమిషం అలాగే చూస్తూ కూర్చుంది. 'అవునండీ, బ్లాక్ చేసింది' అని ఫోన్ చేసి చెప్పేస్తే అయిపోతుంది. నిజమే చెప్పినట్టవుతుంది కూడా.

రాయిలి నంబరు నొక్కబోయి, మొదటి ఒంటి టిక్కు పడింది ఓ శనివారం సాయంత్రమని గుర్తొచ్చి ఆగింది. ముందు హిల్కా ఇంటికి వెళ్లింది.

"నవంబరులో ఆత్మల పండగ అయిన తర్వాతి శనివారం" అంది. "ఆ రోజు ఇర్యా సౌనాకి వచ్చిందా?"

"రాకేం? అక్క మీద గంటసేపు పోట్లాడింది. నాతో. రాళ్లమీద నీళ్లు పోస్తూ 'బొమ్మ దీపం, బొమ్మ దీపం' అని. నాకు ఒళ్లు కాలిపోతోంది, దానికి మాట ఆగదు."

"చేతిలో ఫోన్ ఉందా?"

"సౌనాలోకి ఫోనా?" హిల్కా కాఫీ కప్పు దించింది. "నువ్వు ఈ ఊరిదానివేనా తల్లీ? చర్చిలోకి కుక్కని తోలుకెళ్తారా ఎవరన్నా?"

"ఆరు దాకా లోపలే ఉందా?"

"ఆరూ ఐదుకి పై ఫ్లాట్‌వాళ్లు తలుపు కొట్టారు, మీ వంతు అయిపోయిందని. అప్పుడు లేచాం."

పైవి కారులో కూర్చుని రాయిలి ఫోన్ నుంచి తీసుకున్న ఫొటోలు చూసింది. ఆ శనివారం నాలుగూ యాభై ఐదుకి రాయిలి ఒక తిట్టు పంపింది. రెండు టిక్కులు. ఐదూ నలభైకి ఇంకోటి. ఒంటి టిక్కు.

నాలుగూ యాభై ఐదు తర్వాత, ఐదూ నలభై లోపు. ఆ సమయంలో ఇర్యా నేలమాళిగలో, బట్టల్లేకుండా, చెక్కబల్ల మీద కూర్చుని ఉంది.

ఆమె ఫోన్ మాత్రం పైన, కాఫీ కాగుతున్న ఇంట్లో ఉంది.

ఇంటికి వెళ్లేటప్పుడు పైవి సూపర్‌మార్కెట్‌లో ఆగింది. పూలకుండీల వరసలో సమాధి దీపాలు అమ్ముతున్నారు. బ్యాటరీవి ఒకే రకం. తెల్ల ప్లాస్టిక్, లోపల ఊగే పసుపు మంట. అడుగున చిన్న స్క్రూ. ఆమె ఒకటి కొంది. బ్యాటరీలు వేసి, స్విచ్ నొక్కి, తన బాల్కనీ మంచులో పెట్టింది.

"ఎవరు పోయారు?" అన్నాడు భర్త.

"ఎవరూ కాదు. చూద్దామని."

అతను మళ్లీ టీవీ వైపు తిరిగాడు.

పన్నెండో రోజు పొద్దున్నకి అది ఆరిపోయింది.

అంత్యక్రియలకి ముందురోజు, శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంటకి పైవి ముగ్గుర్నీ ఇర్యా వంటింటికి రమ్మంది. తాళాలు అప్పగించాలని చెప్పింది. హిల్కా యాలకుల బన్నులు తెచ్చింది. వేసా కాఫీ పెట్టాడు. ఏ కప్పు ఎక్కడుంటుందో అతనికి తెలుసు. రాయిలి టోపీ తీయలేదు.

ఒరిగిన కుర్చీని ఎవరో నిలబెట్టారు. దానిలో ఎవరూ కూర్చోలేదు.

"పోలీసుల వరకు కేసు లేదు" అంది పైవి. "ఇప్పుడు చెప్పేది ఫైల్లో ఉండదు. రాయిలి గారు ఒక ప్రశ్న అడిగారు. జవాబు చెప్పడానికి వచ్చాను."

ముగ్గురూ కాఫీ వైపు చూశారు.

"వేసా, మీ ఫోన్ ఒకసారి ఇవ్వండి. రాయిలి గారూ, మీదీ."

రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టింది. రెండింట్లోనూ ఇర్యా పేరు తెరిచింది.

"రాయిలి గారి ఫోన్లో ఫొటో లేదు. ఒంటి టిక్కు. అంటే బ్లాకే. వేసా ఫోన్లోనూ ఒంటి టిక్కే. కానీ ఫొటో ఉంది."

వేసా ఫోన్లో ఇర్యా ఎర్ర ఊలు టోపీతో, చేతిలో ఇంత పొడుగు చేపతో నవ్వుతోంది.

"మీ అమ్మ మిమ్మల్ని బ్లాక్ చేయలేదు వేసా. ఫోన్లో ఛార్జి లేదు, అంతే. పట్టించుకునే మనిషి లేక ఆగిపోయింది."

వేసా తల ఊపాడు.

"ఒంటి టిక్కు చూస్తే ఏ కొడుకైనా ఏమనుకుంటాడు? ఛార్జి లేదనుకుంటాడు. సిగ్నల్ లేదనుకుంటాడు. ఒంట్లో బాగాలేదేమో అని హడలిపోయి పక్కింటికి ఫోన్ చేస్తాడు. మీరు అవేవీ అనుకోలేదు. ఏ గొడవా లేకుండానే, అమ్మ బ్లాక్ చేసిందేమో అనుకున్నారు. ఎందుకు?"

వేసా కప్పు పక్కకి జరిపాడు.

"అమ్మకి ఏదో తెలిసిపోయిందని భయపడ్డారు. అవునా?"

"నాకు..." అన్నాడు వేసా.

"ఆ శనివారం ఐదింటికి అమ్మ సౌనాలో ఉంది. హిల్కా గారు సాక్షి. ఫోన్ ఇక్కడ, ఈ గట్టుమీద ఉంది. ఇంట్లో ఉన్నది మీరొక్కరే."

హిల్కా చేతిలో బన్ను చేతిలోనే ఉంది. "ఒరేయ్" అంది మెల్లగా.

వేసా రెండు చేతులూ బల్లమీద పెట్టాడు.

"ఫోన్ టింగుమన్నప్పుడల్లా అమ్మ చెయ్యి వణికేది" అన్నాడు. "మందు బిళ్ల పట్టుకోలేకపోయేది. బీపీ పెరుగుతోంది, మనసుకి కష్టం కలిగించకండి అని నర్సు చెప్పింది. ఆ రోజు కూడా నేను కాఫీ పెడుతుంటే టింగుమంది. చూశాను. 'చచ్చాక నీ సమాధి మీద ఏదీ పెట్టను' అని పెద్దమ్మ. బ్లాక్ కొట్టేశాను. ఒక్క వారం. చల్లబడ్డాక తీసేద్దామని."

"తర్వాత?" అంది పైవి.

"మర్చిపోయాను."

ఫ్రిజ్ ఆగి మళ్లీ మొదలైంది.

"మర్చిపోయావా" అంది రాయిలి. గొంతు పెరగలేదు. తగ్గలేదు.

"క్రిస్మస్‌కి గుర్తొచ్చింది పెద్దమ్మా. అప్పటికి ఆరు వారాలైపోయింది. తీస్తే తెలిసిపోతుందని... అమ్మే నీకు ఏదన్నా రాయబోతే బ్లాక్ ఉందని తనకే కనపడుతుంది, నన్ను పిలిచి నాలుగు తిడుతుంది, అప్పుడు పోతుందిలే అనుకున్నా. పిలవలేదు."

ఆ మాట ఎక్కడికి వెళ్లి తగిలిందో అతను చూసుకోలేదు. పైవి చూసింది.

రాయిలి వేలితో బల్ల అంచు తడుముతోంది. "అంటే అది నన్ను బ్లాక్ చేయలేదు. కానీ నాకు ఒక్క మాటా రాయలేదు. రెండున్నర నెలల్లో. రాయబోయి ఉంటే తెలిసేదిగా."

"అవును" అంది పైవి.

"సరే." రాయిలి ఫోన్ సంచీలో పెట్టుకోబోయింది. "తెలిసిందిలే. కార్డు మీద బైబిల్ మాట ఏదో ఒకటి చదువుతాను."

"కూర్చోండి. అయిపోలేదు. క్రిస్మస్ ముందురోజు మీరొక మెసేజ్ పంపారు. అదేమిటో చదవండి."

"ఎందుకు?"

"చదవండి."

రాయిలి కళ్లద్దాలు తుడుచుకుంది. పలకమీద అక్షరాలు చదివినట్టు చదివింది. "'అమ్మ దగ్గరికి వెళ్లొచ్చాను. నా బొమ్మ దీపం ఏడు వారాలుగా వెలుగుతూనే ఉంది. నీ మైనం దీపాలైతే ఎన్ని ఆరిపోయేవో లెక్కపెట్టుకో.'"

"ఆ దీపం ఎప్పటిదాకా వెలిగింది?"

"జనవరి ఆరున, సెలవు కదా, వెళ్లాను. వెలుగుతోంది. అది పోయిన కబురు తెలిశాక ఆదివారం వెళ్లాను, అమ్మకి చెబుదామని. ఆరిపోయి ఉంది."

"ఏడు వారాలూ మీరు బ్యాటరీలు మార్చారా?"

"మార్చాలా?" అంది రాయిలి. "ఖరీదైనదేగా."

పైవి సంచిలోంచి తెల్ల ప్లాస్టిక్ దీపం తీసి బల్లమీద పెట్టింది. "అదే రకం. మా బాల్కనీలో పెట్టాను. పన్నెండు రోజులకి ఆరిపోయింది. ఈ చలికి అంతకన్నా ఏదీ నిలవదు."

తర్వాత వసారాలోకి వెళ్లి అరలోని బ్యాటరీల ప్యాకెట్ తెచ్చింది. చలికోటు జేబులోని స్క్రూడ్రైవర్ తెచ్చింది. రెండూ దీపం పక్కన పెట్టింది.

"ఈ ఇంట్లో ఈ బ్యాటరీ పట్టే వస్తువు ఒక్కటీ లేదు. మొదటిరోజే చూశాను, అర్థం కాలేదు. ఇది చివరి ప్యాకెట్ అయి ఉంటుంది, ఇందులో రెండు వాడేశారు. ఈ దీపానికి పట్టేవి రెండే. అడుగున మూత తీయడానికి స్క్రూడ్రైవర్ కావాలి. అది ఇర్యా గారి కోటు జేబులో ఉంది, చేతితొడుగులు ప్యాకెట్ పక్కనే ఉన్నాయి."

హిల్కా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "బుధవారాలు బస్సెక్కి ఎక్కడికో పోయేది. మంచులో ఎక్కడికే అంటే, 'ఓ మొండిదాని పని చూసి రావాలి' అనేది. కాళ్ల డాక్టరమ్మ గురించి అనుకున్నా."

"నేను వెళ్లినప్పుడల్లా దీపం మీద మంచు తుడిచి ఉండేది" అంది రాయిలి. ఎవరితోనూ కాదు. "చర్చివాళ్లు తుడుస్తున్నారనుకున్నా."

"చర్చి ఆఫీసులో అడిగాను. ఒక్కో సమాధినీ వాళ్లు తుడవరు."

కాఫీ చల్లారింది.

"వేసా" అంది రాయిలి. "ఆ బ్లాక్ తీసెయ్."

అతను తల్లి ఫోన్ అందుకున్నాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు. తీశాడు.

రాయిలి ఫోన్లో బూడిదరంగు ఆకారం పోయింది. ఎర్రటోపీ, చేప, ఇర్యా నవ్వు వచ్చాయి.

ఆమె కిందికి చూసింది. క్రిస్మస్ మెసేజ్‌కి ఒంటి టిక్కే ఉంది.

"ఇంకోటి పడుతుందా?"

"పడదండీ" అంది పైవి. "బ్లాక్‌లో ఉన్నప్పుడు పంపినవి ఎప్పటికీ చేరవు."

"ఊఁ."

రాయిలి బ్యాటరీల ప్యాకెట్ తీసి సంచీలో వేసుకుంది. స్క్రూడ్రైవర్ కూడా. లేచింది.

"నేను దింపుతా పెద్దమ్మా" అన్నాడు వేసా.

ఆమె అతని ఎర్రటి మొహంకేసి కాసేపు చూసింది. "రేపు శవపేటిక ఎడమవైపు నువ్వు పట్టుకో. ఇవాళ మాత్రం నువ్వు వద్దు."

పైవి కారు తాళాలు తీసింది.

శ్మశానంలో మూడింటికే పొద్దు వాలుతోంది. దారి తప్ప మిగతాదంతా మోకాలిలోతు మంచు. రాయిలి ముందు నడిచింది. తల్లి రాతి దగ్గర వంగి, చేత్తో మంచు తోసి, తెల్ల ప్లాస్టిక్ దీపం బయటికి తీసింది. తొడుగులు తీసేసింది. స్క్రూ కదలలేదు. ఊది మళ్లీ తిప్పింది. మూత ఊడింది.

లోపలి బ్యాటరీలు రెండూ ప్యాకెట్‌లోని రకమే. వాటిని ఒక క్షణం అరచేతిలో పట్టుకుని జేబులో వేసుకుంది. కొత్తవి పెట్టింది. మూత బిగించింది. స్విచ్ నొక్కింది.

పసుపురంగు మంట అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. ఒకే లెక్కన.

రాయిలి నిలబడి చూసింది. వేళ్లు తెల్లబడ్డాయి. తొడుగులు వేసుకోవాలని తోచినట్టు లేదు.

"నిజం దీపంలా లేదు" అంది.

"లేదండీ" అంది పైవి.

"అదే అంది అది."

ఆమె తొడుగులు వేసుకుంది. ఇద్దరూ కారు వైపు నడిచారు.